రాత్రి 11:59కి పుస్తకాలు దిద్దే పంతులు ఎవరండీ?

ఖమ్మం జిల్లాలోని జిల్లా పరిషత్ బడుల్లో 31 ఏళ్లు లెక్కలు చెప్పాను. హోంవర్కు ఇచ్చాను, దిద్దాను, చేయనివాళ్లను గోడ దగ్గర నిలబెట్టాను. కాబట్టి హోంవర్కు అంటే గిట్టని మనిషి ఎవరో ఇది రాస్తున్నాడని అనుకోకండి. నా కోపం వేరే దాని మీద.

మనవరాలు ఎనిమిదో తరగతి. హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక ప్రైవేటు బడిలో చదువుతోంది. అక్కడ పద్ధతి ఏమిటంటే, లెక్కలు నోటుబుక్కులోనే చేయాలి. చేశాక ప్రతి పేజీనీ ఫోనుతో స్కాన్ చేసి, అన్నిటినీ కలిపి ఒక పీడీఎఫ్ చేసి, బడివాళ్ల పోర్టల్‌లో రాత్రి 11:59లోగా ఎక్కించాలి. దాటితే పోర్టల్‌లో ఫైలు వేసే పెట్టె మూసుకుంటుంది. మూసుకుంటే సున్నా. ఆ సున్నా పోయి ఎఫ్ఏ మార్కుల్లో, అంటే ఏడాది మధ్యలో బడివాళ్లే వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ మార్కుల్లో, కలుస్తుంది. నోటుబుక్కు మాత్రం పిల్ల సంచిలోనే ఉంటుంది, మర్నాడు దానితోపాటే బడికి వెళ్తుంది, దాన్ని ఎవరూ తెరిచి చూడరు.

2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం ఊరేగింపులో విద్యుదాఘాతానికి ఐదుగురు బలైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత నగరంలో కరెంటు స్తంభాలకు ఊడల్లా వేలాడుతున్న కేబుళ్లను కోసేయడం మొదలైంది. టీవీ తీగ, నెట్ తీగ అన్న తేడా లేదు. ఫైబర్‌లో కరెంటు పారదని నెట్ కంపెనీలు మొత్తుకున్నాయి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఫైబర్ అంటే గాజుపోగు, అందులో పోయేది వెలుగు. కానీ ఆ కేబుల్‌ను స్తంభానికీ స్తంభానికీ మధ్య బిగించి పట్టుకునే ఉక్కుతీగ గాజు కాదు కదా. ఐదు ప్రాణాలు పోయాక తీగలు కోసినవాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు.

ఆ కోతల రోజుల్లోనే ఒక గురువారం సాయంత్రం ఏడింటికి మా ఇంట్లో నెట్ పెట్టె మీద ఎర్రలైటు కొట్టుకోవడం మొదలైంది. దాని కింద ఎల్ఓఎస్ అని చిన్న అక్షరాలు ఉంటాయి. అవతలి నుంచి వెలుగు రావడం లేదని దానర్థం. అది వెలిగిందంటే పెట్టెను ఆపి మళ్లీ వేయడం శుద్ధ దండగ. తెలిసి కూడా నాలుగుసార్లు ఆపి వేశాను.

ఇంట్లో నెట్ లేదని తెలియగానే మావాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మాదాపూర్ ఆఫీసుకు పోయాడు. కోడలు ఊళ్లో లేదు. మిగిలింది నేనూ, నా మనవరాలూ, నా ఫోనూ. ఎనిమిదింటికల్లా పిల్ల లెక్కలన్నీ చేసేసింది. ఏక చరరాశిలో రేఖీయ సమీకరణాలు, మొత్తం 14. ఎనిమిది పేజీలు. చేతిరాత ముత్యాల్లా ఉంది, తాతను గనక ఆ మాట అంటున్నాననుకోండి. స్కాన్ కూడా అయింది. ఇక ఎక్కించడమే.

ఇక్కడ ఒక నేరం ఒప్పుకోవాలి. నా ఫోనుకు రోజుకు ఒకటిన్నర జీబీ డేటా వస్తుంది. ఆ మధ్యాహ్నం పద్యనాటకాలు చూస్తూ దాన్ని నేనే తినేశాను. ఆ సంగతి పిల్లకు చెప్పడానికి సిగ్గేసి, 'ఫోను కాస్త నెమ్మదిగా ఉందమ్మా' అన్నాను.

కోటా అయిపోతే నెట్ పూర్తిగా ఆగిపోదు, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. లెక్కల మాస్టారిని గనక ఊరుకోలేక లెక్క వేశాను. సెకనుకు 64 కిలోబిట్లు అంటే 8 కిలోబైట్లు. మా ఫైలు 24 ఎంబీ. కాబట్టి 3,000 సెకన్లు, అంటే 50 నిమిషాలు. అదీ దారి ఖాళీగా ఉంటే. వీధి వీధంతా తీగ తెగి, ప్రతి ఇంటివాళ్లూ ఒకే టవరు మీద పడ్డ రాత్రి దారి ఖాళీగా ఎందుకుంటుంది? ఒకసారి 31 శాతం దగ్గర తెగింది, ఒకసారి 58 దగ్గర. తెగినప్పుడల్లా మళ్లీ సున్నా నుంచి మొదలు. అదనపు డేటా కొందామంటే డబ్బు కట్టే పేజీ తెరుచుకోదు, ఎందుకంటే దానికీ నెట్ కావాలి.

కిందికి దిగి వాచ్‌మన్‌ను అడిగాను. పాపం, వెంటనే తన ఫోను నా చేతిలో పెట్టాడు. అదీ అదే టవరు, అదే నత్తనడక. అతని కొడుకు ప్రభుత్వ బడిలో ఆరో తరగతి. 'మావాడు పుస్తకం తీసుకెళ్లి చూపిస్తే చాలు సార్' అన్నాడు, నా మీద జాలిపడుతూ. నెలకు వేలల్లో ఫీజు కట్టే ఇంటి పెద్దమనిషి మీద ఆ జాలి.

కొత్త కోటా ఎప్పుడు వస్తుంది? సరిగ్గా రాత్రి 12కి. గడువు ఎప్పుడు? 11:59కి. ఈ రెండింటికీ ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో కానీ ఆయనకు దండం పెట్టాలి. 11 దాటాక పిల్ల సోఫాలోనే నిద్రపోయింది, పెన్ను మూత కూడా పెట్టలేదు. 12 దాటగానే నా ఫోనుకు ప్రాణం లేచివచ్చింది. ఫైలు బాణంలా దూసుకుపోవడానికి సిద్ధంగా ఉంది. పోర్టల్‌లో మాత్రం 'గడువు ముగిసింది' అని ఎర్ర అక్షరాలు.

పొద్దున టీచరమ్మకు ఫోను చేశాను. 'నాకు అర్థమైంది సార్, కానీ పెట్టె తెరిచే వీలు నాకు లేదు' అంది. చిన్న వయసు అమ్మాయి, గొంతులో నిజంగానే బాధ ఉంది. తన తరగతి పిల్ల చేసిన హోంవర్కును తీసుకునే అధికారం టీచరుకు లేకపోవడం, నన్నడిగితే, ఈ మొత్తంలో అన్నిటికన్నా సిగ్గుపడాల్సిన విషయం.

అసలు 11:59 ఎందుకు? ఆ వేళకు లేచి కూర్చుని దిద్దే పంతులు ఉన్నాడా? నేను 31 ఏళ్లలో ఒక్కరోజు కూడా ఆ వేళప్పుడు దిద్దలేదు. నా గడువు మొదటి పీరియడ్ గంట. అప్పటికి పుస్తకాలు బల్ల మీద ఉండాలి, అంతే. ఆ టీచరమ్మ కూడా దిద్దేది మర్నాడే. మరి పొద్దున తొమ్మిది దాకా తెరిచి ఉంచితే ఎవరి సొమ్ము పోతుంది?

మా బడికి వాగు అవతలి నుంచి ఇరవైమంది దాకా పిల్లలు వచ్చేవారు. వానాకాలం చప్టా మీద నీళ్లు పారితే వాళ్లు రాలేరు. హాజరు పట్టీలో గైర్హాజరు తప్పదు, అది ప్రభుత్వ కాగితం. కానీ నీళ్లు తీశాక వచ్చి పుస్తకం చూపిస్తే తీసుకునేవాణ్ణి. వాగు పొంగడం పిల్లవాడి తప్పు కాదని తెలుసుకోవడానికి బీఈడీ అక్కర్లేదు. ఇప్పుడు వాగు స్తంభాల మీదికి ఎక్కింది, అంతే తేడా.

పిల్లలు అబద్ధాలు ఆడరా అంటారు. ఎందుకు ఆడరు? సంక్రాంతి సెలవులయ్యాక వచ్చి 'వాగు పొంగింది సార్' అన్న ఘనుడు కూడా నాకు తెలుసు. వాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి ఒక లెక్క చేయమన్నాను. చాక్‌పీసు పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాడు, తేలిపోయింది. దానికి పోర్టల్ అక్కర్లేదు. పైగా అబద్ధమాడేవాణ్ణి పోర్టల్ పట్టుకోలేదు, పక్కవాడి పేజీలు స్కాన్ చేసి 11:58కి ఎక్కిస్తే వాడికి పూర్తి మార్కులు.

కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులో ఒక తీర్పు ఇచ్చింది. హాస్టల్లో సాయంత్రం పూట ఫోను వాడకూడదన్న నిబంధనను ప్రశ్నించి ఒక కాలేజీ అమ్మాయి కోర్టుకు వెళ్తే, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని న్యాయమూర్తి అన్నారు. సంతోషం. అంత అవసరమైనదైతే, అది తెగిన రోజున నష్టం పిల్ల ఖాతాలో ఎలా రాస్తారు? కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరిలోనూ, టీశాట్‌లోనూ పాఠాలు చెప్పారు. నెట్ లేని ఇళ్లు ఉంటాయని అప్పుడు ఎవరికో తోచింది. ఆ పాఠాల మీద నాకు వంద ఫిర్యాదులు ఉన్నాయి, కానీ టీవీ ఏ పిల్లకూ సున్నా వేయలేదు.

కాగితం గొప్పదని పాట పాడటం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా బంధువుల ఇంట్లో పిల్లల పుస్తకాలన్నీ పిండి ముద్దలయ్యాయి. ఆ రోజున ఫోనులో ఉన్న ఫొటోలే దిక్కయ్యాయి. దేని గండం దానికి ఉంది. అందుకే రెండు దారులూ తెరిచి ఉంచమంటున్నాను.

నాలాంటి తాతలకు నేను నేర్చుకున్న రెండు ముక్కలు. పేజీలను రంగుల్లో కాకుండా నలుపు తెలుపుల్లో స్కాన్ చేస్తే ఫైలు బాగా చిక్కిపోతుంది. ఆ రాత్రి ఈ సంగతి తెలిసి ఉంటే బయటపడేవాళ్లమేమో. (ఇంట్లో అందరూ దీన్ని ఇంకా 'క్యామ్‌స్కానర్ చేయడం' అనే అంటారు. ఆ యాప్‌ను 2020 జూన్‌లోనే మన ప్రభుత్వం నిషేధించింది, క్రియాపదాన్ని మాత్రం నిషేధించలేకపోయింది.) రెండోది, ఎర్రలైటు కనబడగానే టీచరుకు మామూలు ఎస్ఎంఎస్ పెట్టండి. దానికి డేటా అక్కర్లేదు, పంపిన టైము కూడా నమోదవుతుంది. బడులవాళ్లు ఆ ఎస్ఎంఎస్‌కు విలువ ఇవ్వాలి, మర్నాడు పుస్తకం తీసుకోవాలి, పెట్టె తాళం టీచరు చేతికి ఇవ్వాలి. నేను అడుగుతున్నది ఇంతే.

శుక్రవారం మధ్యాహ్నం తీగ అతికే కుర్రాడు వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. తల వెంట్రుకంత పోగు. దాని పై పొర ఒలిచి, స్పిరిటుతో తుడిచి, కొస కోసి, చిన్న యంత్రంలో పెట్టాడు. దాని తెర మీద రెండు కొసలు రెండు కర్రల్లా కనిపించాయి. మెల్లగా దగ్గరికి జరిగాయి, చిటుక్కున ఒక మెరుపు, ఒకటైపోయాయి. ఐదు నిమిషాలు పట్టలేదు. పొద్దుటి నుంచి మాది పదకొండో ఇల్లట. రెండు గ్లాసుల మజ్జిగ తాగి వెళ్లాడు.

సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి నోటుబుక్కు నా ముందు పెట్టింది. ఎవరూ చెప్పకుండానే టీచరమ్మ 14 లెక్కలూ ఎర్రసిరాతో దిద్దింది. 'తాతయ్యా, తొమ్మిదో లెక్కలో పక్షాంతరం చేసినప్పుడు గుర్తు మార్చలేదట' అంది. నిజమే, రాత్రి నేనూ చూసుకోలేదు.

పోర్టల్‌లో ఇంకా సున్నానే ఉంది. మళ్లీ గురువారం వస్తోంది. ఈసారి మధ్యాహ్నం పద్యనాటకాలు బంద్.