కొఠియాలో జనాభిప్రాయ సేకరణ

కొత్తగా గద్దెనెక్కిన ప్రభుత్వాలకు నాదొక ఉచిత సలహా. మీ పథకాలు జనానికి పట్టాయో లేదో తేల్చుకోవాలంటే రాజధానిలో సర్వేలు మానేసి, సాలూరు దాటి కొండెక్కి కొఠియా రండి. ఇక్కడి 21 ఊళ్లూ తమ కోరాపుట్‌వేనని ఒడిశా, తమ మన్యానివేనని ఆంధ్రా అంటాయి. 1968లో సుప్రీంకోర్టు మెట్లెక్కిన తగువు ఇంకా దిగి రాలేదు. సరిహద్దు ఎక్కడుందో తేలలేదు గానీ, లబ్ధిదారు ఎక్కడున్నాడో ఇద్దరికీ బాగా తెలుసు.

పైగా ముహూర్తబలం చూడండి. 2024 జూన్ 12న పొద్దున్న కేసరపల్లిలో చంద్రబాబు, సాయంత్రం భువనేశ్వర్‌లో మోహన్ చరణ్ మాఝీ ప్రమాణం చేశారు. మధ్యాహ్నం అన్నం తిని ఓ కునుకు తీసేసరికి కొఠియాకి రెండో కొత్త ప్రభుత్వం వచ్చేసింది. (పాత రెండింటి మీదా కోపం తెచ్చుకోవడానికి కూడా వ్యవధి లేదు పాపం.)

వస్తూనే ఇద్దరూ పేర్ల మీద పడ్డారు. అటు మాజీ ముఖ్యమంత్రి బిజు బాబు పేరుతో ఉన్న ఆరోగ్య పథకం స్వాతంత్ర్య యోధుడు గోపబంధు పేరుకి మారింది. ఇటు వైఎస్సార్ ఆరోగ్యశ్రీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. మలేరియా మాత్రం పాత పేరుతోనే వస్తోంది. ఆడవాళ్ల మనసు గెలవడానికి ఒడిశా రాఖీకి ఒక 5,000, మహిళా దినోత్సవానికి ఇంకో 5,000 సుభద్ర పేరిట వేస్తానంది. ఆంధ్రా ఏడాదికి మూడు గ్యాస్ బండలంది.

మొన్న సంతలో ఒక తాత మొలలోంచి పాలిథిన్ కవరు తీసి విప్పాడు. రెండు ఓటరు కార్డులు, రెండు రేషను కార్డులు. ఆంధ్రా కార్డులో ఆయన వయసు 68, ఒడిశా కార్డులో 81.

"ఎనభై దాటినోలకి అటు 3,500 ఇస్తన్నారు బాబూ," అన్నాడు.

ఇటు 4,000 పింఛనుకి అంత ముసలితనం అక్కర్లేదు మరి.

"నిజం వయసెంత తాతా?"

"ఏ గవర్నమెంటూ ఇంతవరకూ అడగనేదు."

ఆంధ్రా పింఛను ఒకటో తారీకున, ఒడిశాది పదిహేనున. నెలకి రెండు జీతాలందుకునే భాగ్యం ఈ దేశంలో ఇంకే ఉద్యోగికుందో నాకు తెలీదు.

అంతలో సర్వే కుర్రాడొకడు ట్యాబు పట్టుకొచ్చి కూచున్నాడు. "తాతా, రెండు ప్రభుత్వాల్లో ఏది బాగా పనిచేస్తోంది?"

తాత కవరు మడిచి మొలలో దోపుకుని, గొంతు సవరించుకుని, నా వైపు తిరిగాడు.

"ఇయాల తారీకెంత బాబూ?"