వర్జ్యం లేని కాగితంలో చుట్టండి

బెజవాడలో పెళ్లికి వెళ్లేవాళ్లకు భోజనాల దగ్గర సీటు దొరకదేమోనన్న భయం కంటే పెద్ద భయం చదివింపుల బల్ల. ఆ బల్ల వెనక నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషికి కవరు ఇస్తే అక్కడే చించి, లెక్కపెట్టి, "ఐదు వందల పదహార్లు" అని రాసేస్తాడు. కొన్నిచోట్ల మైకులో కూడా చెప్తారు. అదే చుట్టిన ప్యాకెట్ ఇస్తే ఆయన పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. "ప్యాకెట్ – 1" అని రాస్తాడు. అంతకు మించి రాసే అధికారం ఆయనకు లేదు. గిఫ్టు ప్యాకింగుకు మన సమాజంలో ఉన్న అసలు ప్రయోజనం ఇదీ. అందం, ఆప్యాయత వగైరాలు తర్వాతి సంగతి.

ఇంత కీలకమైన పనికి బీసెంట్ రోడ్డులో మెరుపు కాగితం కొని, రిబ్బను కొని, చుట్టిపెట్టిన కుర్రాడికి మళ్లీ విడిగా ఇచ్చుకోవడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు. కాబట్టి ఇంట్లో పడున్న వాటితోనే పని కానిచ్చే మార్గాలను గృహస్థుల దృష్టికి తెస్తున్నాను.

చరిత్ర కూడా మన పక్షమే. 1917లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో హాల్ సోదరుల కొట్లో క్రిస్మస్ ముందు టిష్యూ కాగితం అయిపోయింది. గత్యంతరం లేక, కవర్ల లోపల అస్తరుగా వేసే రంగు కాగితాలు తెచ్చి పెట్టారు. అవీ అమ్ముడైపోయాయి. ఆ కొట్టే తర్వాత హాల్‌మార్క్ కంపెనీ అయింది. అంటే గిఫ్టు పేపరు వ్యాపారం నిలబడిందే సర్దుబాటు మీద. సర్దుబాటులో మనతో పోటీకి వచ్చేవాడెవడు?

అందరికీ ముందు తట్టేది పాత పేపరు. ఏ పేపరు ఏ పార్టీదో ఒకటో క్లాసు పిల్లాడు కూడా చెప్పే ఊరు మనది. మీరు అమాయకంగా మొదటి పేజీలో చుట్టి ఇచ్చిన టిఫిన్ బాక్సు, మేనమామగారి వియ్యంకుడి చేతిలో పడేసరికి రాజకీయ ప్రకటన అయిపోతుంది. పోనీ జిల్లా పేజీ వాడదామంటే అడుగున శ్రద్ధాంజలి ప్రకటనలు. పుట్టినరోజు పిల్లాడు ప్యాకెట్ అందుకుంటే దాని మీద ఎవరి తాతగారో దండ వేసుకుని నవ్వుతుంటారు. అన్నిటికంటే క్షేమం షేర్ మార్కెట్ పేజీ. ఆ అంకెలు ఎవరికీ అర్థం కావు, దూరం నుంచి చూస్తే డిజైను అనుకుంటారు. బోసిగా అనిపిస్తే ముదురు బెండకాయ అడ్డంగా కోసి, రంగులో ముంచి అద్దండి, పువ్వులు పడతాయి. అది ఎలాగూ కూరకు పనికిరాదు. తినేవి మాత్రం పేపర్లో చుట్టొద్దు. అచ్చు సిరా ఆరోగ్యానికి మంచిది కాదని ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లు హెచ్చరిస్తూనే ఉన్నారు, బజ్జీల బండి వాళ్లు వింటూనే ఉన్నారు.

నా ఓటు క్యాలెండర్‌కే. దళసరి కాగితం, మడత పెడితే నిలబడుతుంది, వెనక తెల్లగా ఉంటుంది. కానీ తెల్ల వైపు పైకి పెడితే మనవాళ్లు తిప్పి చూడకుండా ఊరుకుంటారా? కాబట్టి తేదీల వైపే పైకి పెట్టి ధైర్యంగా ఇవ్వండి. నెల మాత్రం చూసుకోండి. పెళ్లికి ఆషాఢం పేజీ పనికిరాదు, శ్రావణమో మాఘమో వెతకాలి. పైన కనిపించే గడిలో వర్జ్యం పడకూడదు. రాహుకాలం రోజూ ఉండేదే కనుక దాని మీదుగా రిబ్బను పోనివ్వాలి. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి పంచిన క్యాలెండరైతే అడుగున ఆయన పేరు, గుమాస్తా ఫోన్ నంబరు ఉంటాయి. కత్తిరించకపోతే గిఫ్టు ఆయన ఖాతాలో పడుతుంది. దేవుడి బొమ్మ ఉన్న పేజీ జోలికి అసలు వెళ్లొద్దు. పుచ్చుకున్నవాళ్లు దాన్ని చించలేరు, పారెయ్యలేరు. చివరికి గిఫ్టుతో సహా పూజగదిలో పెట్టేస్తారు.

పేరంటాల్లో చేతులు మారడమే తప్ప దర్జీ కత్తెర ఎరగని జాకెట్టు ముక్కలు ప్రతి బీరువాలోనూ ఒక కట్ట ఉంటాయి. వస్తువును మధ్యలో ఐమూలగా పెట్టి, ఎదురెదురు కొనలు కలిపి ముడేస్తే టేపు అక్కర్లేదు. జపాన్ వాళ్లు ఈ పద్ధతిని ఫురోషికి అంటారు, ఎంతో శ్రద్ధగా చేస్తారు. మన అమ్మమ్మలు రైలెక్కే ముందు ఐదు నిమిషాల్లో చేసేవారు. మంగళగిరి నూలు ముక్క దొరికితే ఇక చెప్పక్కర్లేదు. దాన్ని చూసి లోపలి వస్తువును క్షమించేస్తారు.

చిక్కల్లా కొండపల్లి బొమ్మతోనే. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మను ఎటు చుట్టినా చెట్టు పైకి పొడుచుకొస్తుంది. తెల్ల పొణికి కర్ర తేలిక, గట్టిగా లాగి కడితే ముందు విరిగేది ఆయన కాలే. దానికి డబ్బా తప్పదు. పెద్ద చీరల షాపు డబ్బాలో పెట్టారో, విప్పేటప్పుడు ఇంటావిడ ముఖం రెండుసార్లు మారుతుంది. ఆ రెండో మార్పు మిమ్మల్ని చాలాకాలం వెంటాడుతుంది.

ఇంత అవస్థ ఎందుకంటారా? కొన్న కాగితమైతే లోపలిది ఎంత చేస్తుందో పిన్నిగారు కళ్లతోనే లెక్క కట్టేస్తారు. "మా అమ్మాయే చుట్టిందండీ, ఎకో ఫ్రెండ్లీ" అన్నారా, ఆ తర్వాత ధర గురించి ఆలోచించినవాళ్లే సంస్కారం లేనివాళ్లు. 2022 జులై 1 నుంచి స్వీటు డబ్బాల మీద చుట్టే ప్లాస్టిక్ పొరను కేంద్రమే నిషేధించిందని కూడా గంభీరంగా ఒక మాట అనండి. మీరు ఇచ్చిన రెండు వందల రూపాయల ప్లాస్టిక్ డబ్బాల సెట్టుకు పర్యావరణ ఉద్యమం అండగా నిలుస్తుంది.

చివరగా, మైదా జిగురు పొదుపుగా వాడండి. మండపం ఖాళీ అయ్యాక ఆ ఇంటి పెద్దావిడ ప్రతి ప్యాకెట్టునూ గోటితో లేపి, కాగితం చిరగకుండా తీసి పరుపు కింద దాస్తుంది. పేరు చీటీకైతే ఒక్క అన్నం మెతుకు చాలు. లోపలున్నది ఆ ఇంటికొచ్చిన ఆరో గోడ గడియారమని తేలాక, అది వచ్చే ముహూర్తానికి తెనాలికో గుంటూరుకో బయల్దేరుతుంది. చీటీ ఊడిరాకపోతే వాళ్లకెంత టెన్షన్! దాన్ని కప్పడానికి పైన ఇంకో జాకెట్టు ముక్క చుట్టాలి. ఈమధ్య పేరంటాల్లో వాటికి బదులు స్టీలు గిన్నెలు పంచుతున్నారు.