సున్నంలోకి ఎముకలు లేని శత్రువు

రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం ఉన్న ఇంట్లో అద్దె కట్టని మనిషొకడు ఉంటాడు. పేరు అయిప్టాసియా, జాతి సీ అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి). గోధుమరంగు ఒళ్లు, తల చుట్టూ మీసాల్లాంటి సన్నటి టెంటకిల్స్. లైవ్ రాక్ (జీవులు అంటిపెట్టుకున్న సముద్రపు రాయి) పగుల్లో దాక్కుని గోరంత సైజులో గృహప్రవేశం చేస్తాడు. కొన్నాళ్లకు పక్కింటి జోయాంథిడ్లను (పగడాల చుట్టాలను) కుట్టి, రాయంతా తన పేర పట్టా రాయించుకుంటాడు.

యజమాని వెంటనే బ్లేడుతో కూల్చివేతలకు దిగుతాడు. తల తెగుతుంది, ఫొటో కూడా బాగా వస్తుంది. కానీ రాతికి అంటుకుని మిగిలిన పాదం ముక్కలు ఒక్కోటీ ఒక్కో అయిప్టాసియాగా లేస్తాయి. గుడిసె పీకి కాలనీకి శంకుస్థాపన చేసినట్టు.

మందు సున్నమే. కిళ్ళీకొట్టు డబ్బా కాదు, ఏమీ కలపని కాల్షియం హైడ్రాక్సైడ్. రెండు చెంచాల పొడిలో ఆర్‌ఓ నీళ్లు చుక్కచుక్కగా వేస్తూ టూత్‌పేస్టులా కలిపి సిరంజిలోకి ఎక్కించాలి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పవు. ఎముకల్లేనిది వాడికి, కళ్లున్నది మనకి. పంపులన్నీ ఆపాలి, లేదంటే ముద్ద కొట్టుకుపోయి పగడాల మీద వాలుతుంది. సిరంజి మొన వాడికి తగలకూడదు, తగిలితే బొరియలోకి ముడుచుకుంటాడు. మేత అనుకుని మింగేలా నోటి మీద నెమ్మదిగా వదిలి, ముడుచుకున్నాక బొరియ పూడ్చేయాలి. 15-20 నిమిషాలకు పంపులు వేయొచ్చు. 200 లీటర్ల ట్యాంకులో రోజుకు నాలుగైదు చాలు. అత్యాశకు పోతే నీటి పీహెచ్ (క్షారగుణం) ఎగబాకి, కబ్జాదారుడి కన్నా ముందు పన్ను కట్టే పౌరులు పోతారు.

వాణ్ని చంపడానికి రాయినే మరిగించే వీరులకో మనవి. దాని మీద జోయాంథిడ్ల జాతికే చెందిన పాలిథోవా ఉంటే ఆవిరిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం లేస్తుంది. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ట్యాంకులోని పగడాన్ని శుభ్రం చేసిన పాపానికి ఓ కుటుంబం ఆసుపత్రి పాలైంది. మరగబెట్టక ముందే అంత!

చట్టబద్ధంగా పోదామంటే పెప్పర్‌మింట్ రొయ్యలున్నాయి. రాత్రి డ్యూటీ, చిన్న అయిప్టాసియాలే తింటాయి. చేపల మేత దండిగా దొరికితే ఫైలు ముట్టుకోవు. దుకాణంలో వాటి పేరుతో వీపున గూని, ఒంటిమీద తెల్లచారలున్న ఒంటె రొయ్య అంటగడతారు, జాగ్రత్త. అది మీ పగడాలనే మేస్తుంది.

బెర్ఘియా అనే సముద్రపు స్లగ్ (చిప్పలేని నత్త) మాత్రం అయిప్టాసియా తప్ప ఇంకేదీ ముట్టదు. ఇంత నిజాయతీ గల ఉద్యోగి మనకు అలవాటు లేదు. పని పూర్తయిన రోజు నుంచే దానికి పస్తులు. అందుకే చివరి అయిప్టాసియా మాయమయ్యేలోపే ఏరి, ఇంకొకరి ట్యాంకుకు డిప్యుటేషన్ మీద పంపేయాలి.