గని కార్మికుడి ఊపిరి తీస్తున్నది బండ దుమ్ము

గని దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు బ్లాక్ లంగ్. అమెరికా బొగ్గు గనుల్లో ఇది 1990ల చివరికి బాగా తగ్గిపోయింది. 1968లో ఫార్మింగ్టన్ గని పేలుడులో 78 మంది చనిపోయాక, 1969లో కొత్త చట్టం వచ్చింది. ఘనపు మీటరు గాలిలో ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లే సన్నటి దుమ్ము 2 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి 1972 చివర్లో అమల్లోకి వచ్చింది. కార్మికులకు ఎక్స్‌రేలు తీయడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత గ్రాఫు మళ్లీ పైకి లేచింది. 25 ఏళ్లకు పైగా పనిచేసిన వాళ్లలో ప్రతి పది మందిలో ఒకరికి జబ్బు ఉన్నట్టు 2018 అధ్యయనం తేల్చింది. కెంటకీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా ప్రాంతంలోనైతే ప్రతి ఐదుగురిలో ఒకరు. జబ్బు ముదిరి ఊపిరితిత్తుల్లో సెంటీమీటరుకు మించిన గట్టి గడ్డలు కట్టే దశను పీఎంఎఫ్ అంటారు. నైరుతి వర్జీనియాలోని మూడు క్లినిక్కుల్లోనే 2013–2017 మధ్య 416 పీఎంఎఫ్ కేసులు బయటపడ్డాయి.

మందపాటి బొగ్గు పొరలు అయిపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. మిగిలిన పొర మీటరు మందమే ఉంటే, యంత్రమూ మనిషీ మెలగడానికి తక్కువపడ్డ ఎత్తును పైకప్పు బండలోంచీ కింది బండలోంచీ కోస్తారు. బండలో క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం ఉంటుంది. అప్పుడే పగిలిన క్వార్ట్జ్ రేణువు, ఊపిరితిత్తులను శుభ్రం చేసే కణాన్ని చంపేస్తుంది. చచ్చిన కణంలోంచి బయటపడ్డ రేణువును ఇంకో కణం మింగుతుంది, అదీ చస్తుంది. అందుకే పని మానేసినా జబ్బు ఆగదు. పీఎంఎఫ్ రోగుల ఊపిరితిత్తుల ముక్కలను పోల్చిన 2022 అధ్యయనంలో, సిలికా వల్ల వచ్చే రకం పాత తరంలో 18 శాతం, కొత్త తరంలో 57 శాతం.

దుమ్ము పరిమితిని 2016లో 1.5 మిల్లీగ్రాములకు దించారు. మనిషి నడుముకు కట్టుకుంటే అప్పటికప్పుడే రీడింగు చూపే మీటరూ వచ్చింది. కానీ ఆ మీటరు దుమ్ము బరువు చెబుతుందే గానీ, అందులో రాయి ఎంతో చెప్పదు. క్వార్ట్జ్ 5 శాతం దాటితే 10ని ఆ శాతంతో భాగించి పరిమితి తగ్గించేవారు. 10 శాతం ఉంటే 1 మిల్లీగ్రామన్నమాట. ఎలా లెక్కేసినా ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాముల దాకా సిలికాను ఒప్పుకున్నట్టే. పైగా క్వార్ట్జ్ లెక్క ల్యాబు నుంచి రావాలి, అది వచ్చేసరికి బొగ్గు కోసే చోటు ముందుకు జరిగిపోయి ఉంటుంది. దీన్ని 50 మైక్రోగ్రాములకు దించుతూ 2024లో చేసిన నిబంధన, 2025 ఏప్రిల్‌లో బొగ్గు గనుల్లో అమలు కావాల్సిన సమయానికి కోర్టులో ఆగింది.

ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లలో రూఫ్ బోల్టర్లు, అంటే పైకప్పు బండకు రంధ్రాలు వేసి బోల్టులు బిగించేవాళ్లు, ఉన్నారు. రంధ్రం వేస్తుంటే వచ్చే పొడిని బోలు డ్రిల్ రాడ్ గుండా పీల్చి యంత్రం మీది పెట్టెలోకి పంపుతారు. ఆ పెట్టెలో ఉండేది దాదాపు అంతా బండ పొడే. దాన్ని ఎండుగానే దులిపినా, ఫిల్టరును గోడకేసి కొట్టినా షిఫ్టంతా పడ్డ శ్రమ ఒక్క నిమిషంలో వృథా. లోపల సంచీ పెట్టి సంచీతో సహా తీసేయాలి, గాలి వచ్చే వైపు నిలబడాలి. కోత యంత్రం దుమ్ము వచ్చే దిశలో బోల్టింగ్ పెట్టకూడదు. కోత యంత్రం మీద మొద్దుబారిన పళ్లు, పూడుకుపోయిన నీటి నాజిళ్లు, మూసుకుపోయిన స్క్రబ్బర్ (దుమ్మును పీల్చి పట్టే పరికరం) జాలీ, మూడూ షిఫ్టు మొదట్లోనే చూడాల్సినవి. ఉత్పత్తి ఆగుతుందని వదిలేసేవీ ఇవే.

సింగరేణి పొరలు అంత పలచన కావు, నిజమే. అయితే ఇక్కడ పైకప్పు చాలాచోట్ల ఇసుకరాయి, బోల్టు రంధ్రం పడేది అందులోనే. ఆపకుండా బొగ్గు కోసే కంటిన్యూయస్ మైనర్ యంత్రాలు వచ్చాయి, పొడవాటి బొగ్గు గోడను యంత్రంతో కోసే లాంగ్‌వాల్ పద్ధతి అడ్రియాలలో వచ్చింది. మన కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ కూడా సిలికా శాతాన్ని బట్టే పరిమితి తగ్గిస్తాయి కాబట్టి ఆ ల్యాబు ఆలస్యం మనకూ తప్పదు. గని మొత్తానికి ఒక సగటు చూపిస్తే బోల్టరు పీల్చేది అందులో కలిసి మాయమవుతుంది. సిలికా కొలతలను పనివారీగా నోటీసు బోర్డు మీద పెట్టాలి. మైన్స్ రూల్స్ చెప్పిన ఐదేళ్లకోసారి ఆరోగ్య పరీక్ష కాంట్రాక్టు కార్మికులకూ కచ్చితంగా జరగాలి. బాయి దిగడం మానేసి రిటైరైన వాళ్లకు కూడా ఎక్స్‌రే, శ్వాస పరీక్ష కొనసాగించాలి. వర్జీనియా క్లినిక్కుల్లో తేలిన రోగుల్లో చాలామంది గని వదిలేసినవాళ్లే.