జీతం రాని ప్రశ్నే మనిషిని చేసింది

ఏఐ బొమ్మలు గీస్తోంది, పాటలు కడుతోంది, పిల్లల హోమ్‌వర్క్ చేసి పెడుతోంది. ఇక మనిషికి మిగిలిందేమిటన్న చర్చ టీవీ స్టూడియోలు దాటి విజయనగరం టీ కొట్ల దాకా వచ్చేసింది. ఈ చర్చలో అందరూ తెలివి దగ్గరే ఆగిపోతున్నారు. ఎవరికి ఎక్కువ తెలుసు, ఎవరు త్వరగా చేస్తారు అన్నదే కొలత అయితే, కూడికలూ తీసివేతల్లో కాలిక్యులేటర్ చేతిలో మనం ఎప్పుడో ఓడిపోయాం. అయినా మనుషులుగానే ఉన్నాం కదా! నా ఉద్దేశంలో మనిషిని మిగతా ప్రాణుల నుంచి వేరు చేసినవి రెండు. తనకు ఏ అవసరమూ లేని విషయం మీద మనసు పారేసుకోవడం ఒకటి, ఎవరూ అడగని చోట అందం కోసం ఒళ్లు హూనం చేసుకోవడం రెండోది. దీనికి రుజువు వెతుక్కుంటూ ఎక్కడికో వెళ్లక్కర్లేదు. వంశధార ఒడ్డునే ఉంది.

గిడుగు రామమూర్తి అనగానే మనకు వాడుకభాష ఉద్యమం, ఆగస్టు 29, విగ్రహానికి దండలు గుర్తొస్తాయి. నన్ను పట్టి ఉంచే విషయం వేరు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఈ మనిషి, 1880లో ముప్పై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పడానికి చేరాడు. ముఖలింగం గుడి గోడల మీద ఉన్న శాసనాలను తరతరాలుగా జనం చూస్తూ, దండం పెట్టుకుంటూ వెళ్లిపోయారు. ఈయన మాత్రం అవి ఏం చెబుతున్నాయో తెలుసుకోవాలనుకుని, ఆ పాత లిపిని సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్నాడు. చుట్టూ కొండల మీద సవర గిరిజనులు మాట్లాడుకునే భాష కూడా అలాగే ఆయన్ని పట్టుకుంది. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, చేతికి అందే వ్యాకరణం లేదు, నేర్చుకున్నందుకు జీతం పెరిగేదీ లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. కొండలెక్కి ఊరూరా తిరిగాడు. మన్యం జ్వరాలకు మింగిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. మాటలు వినడానికి బయల్దేరినవాడు వినికిడినే పోగొట్టుకుని కూడా ఆగలేదు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు నడిపాడు. మద్రాసు ప్రభుత్వం వెయ్యి రూపాయలు బహుమానం ఇస్తామంటే, ఆ డబ్బుతో ఒక సవర బడి పెట్టండి, నేను చూసుకుంటానన్నాడు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చేసరికి ఆయనకు 75 ఏళ్లు.

ఒక మనిషిని ఇన్ని దశాబ్దాలు నడిపించిన ఈ శక్తిని ఏ లాభనష్టాల పద్దులో రాస్తాం? రేపు ఏదో ఒక యంత్రం సవర వ్యాకరణాన్ని నిమిషంలో రాసి ఇవ్వొచ్చు. అడిగితే రాస్తుంది. గిడుగును ఎవరూ అడగలేదు. కొండ మీంచి వినబడే ఆ మాట ఏమిటో తెలియక నిద్ర పట్టని స్థితి ఉంది చూశారూ, దాని గురించే నేను మాట్లాడుతున్నది.

జంతువులకు కూడా కుతూహలం, కళ ఉన్నాయని వాదించేవాళ్లున్నారు. న్యూ కాలెడోనియా కాకి పుల్లను ముక్కుతో చెక్కి కొక్కెం చేస్తుంది, ఆస్ట్రేలియా బోవర్ పక్షి పందిరి కట్టి రంగురంగుల వస్తువులతో అలంకరిస్తుంది. కాదనను. అయితే కాకి కొక్కెం పురుగు కోసం, ఆ పక్షి పందిరి జోడీ కోసం. పని అయ్యాక ఆ పనిని ఇంకా బాగా చేయాలన్న తపన వాటిలో నాకు కనిపించదు.

ఈ తేడా చూపించే ప్రయోగం ఒకటుంది. 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే పరిశోధకులు చింపాంజీలకూ, మూడు నాలుగేళ్ల పిల్లలకూ ఒక పెట్టె తెరవడం చూపించారు. అందులో కొన్ని చేష్టలు పూర్తిగా దండగ. పెట్టె పారదర్శకంగా ఉన్నప్పుడు చింపాంజీలు అది పసిగట్టి, దండగ పనులు వదిలేసి బహుమతి తీసుకున్నాయి. పిల్లలు మాత్రం చూపించినదంతా, దండగ చేష్టలతో సహా, పొల్లు పోకుండా చేశారు. చింపాంజీలే తెలివైనవని కొందరు నవ్వుకున్నారు. నాకు మాత్రం మన కళలన్నీ అక్కడే కనిపిస్తాయి. ఎందుకో ఇంకా తెలియకముందే గురువు చెయ్యి ఎలా తిరిగితే అలా తిప్పగలిగే గుణం లేకపోతే, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేసే పని ఒక తరం నుంచి ఇంకో తరానికి వచ్చేది కాదు. ముక్కలు అతికించి చేస్తే శ్రమ తక్కువ, కర్ర కలిసొస్తుంది. అయినా ఒకే దుంగ నుంచి తీస్తారు.

పొందూరు సంగతి ఇంకా ఆశ్చర్యం. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. వాలుగ కూర తిన్నవాళ్లు ఎంతమంది ఉంటారో! తిన్నాక ఆ దవడ ఎముకను పారేయకుండా, పళ్ల మీద వేలు రాసి చూసి, దీంతో దూది దువ్వితే ఎలా ఉంటుందని అనుకున్న మొదటి మనిషి పేరు మనకు తెలియదు. పొందూరు ఖాదీ సన్నదనం వెనక ఆ ప్రశ్న ఉంది.

“ముందు కూడు, తర్వాతే పాటా బొమ్మా” అనే మాట మన జిల్లాల్లో ఎక్కువ వినబడుతుంది. వలసల జిల్లాలు కదా, అర్థం చేసుకోగలను. కానీ చరిత్ర అలా నడవలేదు. ఇండోనేషియాలోని సులవేసి గుహలో అడవి పందినీ, దాని చుట్టూ మనుషులనూ గీసి కనీసం 51,200 ఏళ్లయింది. జర్మనీలో రాబందు ఎముకకు బెజ్జాలు పెట్టి చేసిన పిల్లనగ్రోవి దాదాపు 40 వేల ఏళ్లనాటిది. వాళ్ల గాదెలు నిండి ఉన్నాయా? అసలు గాదెలే లేవు. మన గొర్రెల కాపరులు రేకు తప్పెట్లు గుండెకు కట్టుకుని తప్పెటగుళ్లు ఆడింది కూడా కడుపు నిండిన తీరిక వల్ల కాదు.

ఇప్పుడు నా అసలు బాధకు వస్తాను. 1919లో సంగీత కళాశాల పెట్టుకున్న ఊరు మన విజయనగరం. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపల్. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పారు. ఘంటసాల, పి. సుశీల అక్కడే చదివారు. అదే ఊళ్లో ఈరోజు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్! డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల సారు తీసేసుకుంటారు. పిల్లాడు సిలబస్ దాటి ‘ఎందుకు’ అంటే “పరీక్షలో రాదు, కూర్చో” అంటారు. ఇంట్లో బొమ్మ గీసుకుంటుంటే “ఇది కూడెడతాదేటి?” అంటారు. అడిగిన ప్రశ్నకు తడుముకోకుండా జవాబు ఇవ్వడం ఒక్కటే పిల్లలకు నేర్పుతున్నాం. యంత్రం అన్నిటికంటే బాగా చేసే పని సరిగ్గా అదే. లక్షలు ఫీజులు కట్టి మరీ మన పిల్లలను ఓడిపోయే పందెంలోకి దించుతున్నాం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు ఇన్నేళ్ల తర్వాత కూడా తిరుగులేని జవాబు దొరకలేదు. ఆ జవాబు వెంట పడేవాడు కవిటిలోనో సోంపేటలోనో ఈపాటికి ఏడో తరగతి చదువుతూ ఉండొచ్చు. అక్కర్లేని ప్రశ్నలు అడిగే అలవాటు చిన్నప్పుడే చంపేస్తే, అక్కరైన ప్రశ్న దగ్గర వాడు నిలబడతాడని ఎలా ఆశిస్తాం?

గొల్లపల్లి వీణ పనివారిని, పొందూరు నూలు వడికే అమ్మలను ఏడాదికి కొన్ని రోజులైనా గౌరవ వేతనం ఇచ్చి బడికి పిలవాలి. డ్రాయింగ్, సంగీతం పీరియడ్లను ఇంకో సబ్జెక్టుకు వాడకూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అది వచ్చేదాకా తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కుల సంగతి అయ్యాక, డ్రాయింగ్ పీరియడ్‌లో ఏం చేయిస్తున్నారో హెడ్మాస్టరు గారిని గట్టిగా అడగండి.