గోడ మీది దేవుడి టైలు గారికి

మహారాజశ్రీ గోడ మీది దేవుడి టైలు గారికి, మీ అపార్ట్‌మెంటు అసోసియేషన్ ట్రెజరరు రాయునది. ఉభయకుశలోపరి.

"నమస్కరించి" అని కూడా రాయాలి గానీ నేను నాస్తికుణ్ణి. అలాగని మీకూ నాకూ ఏ సంబంధమూ లేదనలేను. రెండేళ్ల కిందట షాపులో మిమ్మల్ని ఏరి, సంచీలో పెట్టి, స్కూటరు మీద తెచ్చింది నేనే. కాళ్ల దగ్గర పెట్టుకోబోతే షాపతను "అయ్యో, దేవుడు సార్, పైన పెట్టుకోండి" అన్నాడు. మిమ్మల్ని ఎందుకు కొంటున్నానో అతనికి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

అంతకుముందు ఆ గోడకి చెయ్యని వైద్యం లేదు. ఎదురుగా ఆటో స్టాండు, వెనక టీకొట్టు, మధ్యలో మా గోడ. మే నెలలో కూడా కింది ఫ్లాటువాళ్లు కిటికీ తెరిచే వీల్లేదు. మొదట "ఇచ్చట మూత్రము పోయరాదు" అని రాయించాం. వారం తిరక్కుండా ఎవరో చివరి రెండక్షరాలు గీకేశారు. తర్వాత 500 రూపాయలు జరిమానా అని రాయించాం. వసూలు చేసేదెవరు? ఆ బోర్డు కిందే నిలబడి, దాన్ని తీరిగ్గా చదువుకుంటూ పని కానిచ్చేవాళ్లు.

అప్పుడు మీరొచ్చారు. వేంకటేశ్వర స్వామి ఒకటి, ఏసుప్రభువు ఒకటి, కాబా ఒకటి. సర్వమత సమానత్వం అని సభల్లో దండలు వేయించుకుని మరీ చెబుతారు గానీ, ముగ్గుర్నీ ఒకే వరసలో, ఒకే సైజులో, ఒకే రేటుకి నిలబెట్టింది ఉచ్చ కంపు కొట్టే గోడే. సిమెంటూ మేస్త్రీ కూలీ కలిపి 740 రూపాయలైంది. వోచరులో "గోడ మరమ్మతు" అని రాశాను. దేవుళ్లని కొన్నానని నా చేత్తో ఎలా రాసుకోను?

వారంలో గోడ పొడిబారింది. మూడో అంతస్తు మాస్టారు, తెలుగు పంతులుగా రిటైరైనాయన, మెట్ల దగ్గర నన్ను ఆపారు.

"చూశావా అబ్బాయ్. నీ బోర్డు ఆపలేదు, నీ జరిమానా ఆపలేదు. ఆయన ఆపాడు. దేవుడే లేకపోతే ఈ జనానికి నీతీ జాతీ ఉంటుందటోయ్?"

నేనేం మాట్లాడను? నా జీవితంలో దేవుడి తరఫున అంత గట్టి సాక్ష్యం నేనే డబ్బిచ్చి గోడకెక్కించానాయె.

కానీ టైలుగారూ, మూడో వారంలో మీకు పదడుగుల ఎడంగా, ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం పక్కన కొత్త మరక తేలింది. ఒకతన్ని పట్టుకుని అడిగాను. జిప్పు పెట్టుకుంటూ చాలా మర్యాదగా చెప్పాడు: "అక్కడ దేవుడున్నాడు కదన్నా, అందుకే ఇటొచ్చా." ఆ భక్తికి తిరుగులేదు. సర్వాంతర్యామి అంటారు గానీ, మా గోడ మీద ఆయన పరిధి టైలుకు అటు మూడడుగులు, ఇటు మూడడుగులు. టేపు పెట్టి కొలిచే చెబుతున్నాను. దాంతో మూడున్న మిమ్మల్ని తొమ్మిది చేశాం. వోచరులో మళ్లీ గోడ మరమ్మతే.

మీరొక్కరే ఈ ఉద్యోగంలో లేరనుకోండి. దేశమంతటా మీ బంధువర్గమే. ఢిల్లీలో ఒకాయన, ఇలా గోడలకి దేవుడి బొమ్మలు అంటించడం దేవుడికే అవమానం, ఆపించండి అని హైకోర్టుకెళ్లాడు. 2022 డిసెంబరులో కోర్టు కొట్టేసింది. కాబట్టి మీ ఉద్యోగానికి ఢోకా లేదు.

మీ అన్నగారు ఒకాయన్ని ఆమధ్య ఒక ఆఫీసులో చూశాను. ఏ ఆఫీసో వద్దులెండి. మీలా ఎండలో లేరు. అద్దాల ఫ్రేము, రోజూ మారే చేమంతి దండ, పగలూ రాత్రీ వెలిగే చిన్న ఎర్ర బల్బు. గుమాస్తా పదిన్నరకొచ్చి, అగరొత్తి వెలిగించి, మూడుసార్లు తిప్పి, కళ్లకద్దుకుని, అప్పుడు డ్రాయరు లాగాడు. ఆ డ్రాయరు సరిగ్గా పటం కింద ఉంది. కవరు పడ్డాక అగరొత్తి పొడి రాలి దాని మీద పడితే, భక్తిగా ఊది మూశాడు. అక్కడ గోడ దగ్గర పటమంటే భయం. ఇక్కడ బల్ల దగ్గర పటమే తోడు. ఒకే దేవుడు, రెండు డ్యూటీలు. మా గోడ దగ్గర మీకు కనిపించేది అక్కడ ఆయనకెందుకు కనపడదని మిమ్మల్నే అడగాలనుకున్నాను. కానీ కవరు ఇచ్చింది నేను. నాస్తికుడి కవరని అతను వెనక్కి నెట్టలేదు, నేనూ లాక్కోలేదు.

ఇదంతా మాస్టారికి చెప్పలేదు. చెప్పకుండా, పెద్దమనిషిలా గోరాగారిని లాగాను. మాకు దగ్గర్లోనే, విజయవాడ బెంజ్ సర్కిల్ పక్కన ఆయన పెట్టిన నాస్తిక కేంద్రం ఉంది కదా. దేవుణ్ణి నమ్మకుండానే అంత నీతిగా బతికిన మనిషి మన పక్కనే ఉండేవాడు మాస్టారూ, అన్నాను. ఆ కీర్తిలో ఒక ఫ్లాటు నాకూ రిజిస్టరైనట్టు.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "గోరా సంగతి నాకు చెబుతావటోయ్? నాస్తికుడన్న పేరుకి ఉద్యోగాలు పోగొట్టుకున్నాడాయన. 1940లో ముదునూరులో కేంద్రం పెట్టి, 1947లో దాన్ని ఇక్కడికి తెచ్చాడు. కూతుర్ని దళితుల అబ్బాయికిచ్చి చేశాడు. దేవుడి పేరు బదులు సత్యం పేరు మీద ఆ పెళ్లి జరపడానికి గాంధీగారు ఒప్పుకుని, చూడకుండానే పోయారు. 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో జరిగింది. ఇంతకీ నువ్వేం చేశావు? గోడ మరమ్మతు అని వోచరు రాశావు."

మా అసోసియేషన్ లెక్కలు ఆడిట్ చేస్తున్నది ఆయనేనన్న సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

నేనూ ఊరుకోలేదు. రాజ్యాంగం మూడో షెడ్యూల్లో మంత్రులకీ ఎంపీలకీ ప్రమాణానికి రెండు దారులున్నాయి, దైవసాక్షిగా అయినా చెయ్యొచ్చు, దేవుడి పేరెత్తకుండా అయినా చెయ్యొచ్చు అన్నాను. "ఏ దారిన వెళ్లినవాళ్లు తక్కువ తిన్నారో లెక్క తీశావా?" అన్నారు. తియ్యలేదు. ఇద్దరికీ నవ్వొచ్చింది. మాస్టారితో వాదనలో నాకు నచ్చేది అదే, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది.

కాఫీ అంటే గుర్తొచ్చింది. ఆయనింట్లో ఊడ్చే ఆవిడకి వేరే గ్లాసుంది. నీతి గురించి మాట్లాడుతున్నారు కదా, ఆ గ్లాసు మీ దేవుడు పెట్టమన్నాడా అని అడగబోయాను. నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. మా వంటింటి కిటికీ గూట్లోనూ ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. ఎవరైనా అడిగితే మా ఆవిడ పెట్టిందని చెబుతాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆ ఊడ్చే ఆవిడే మీకు నిత్యపూజారి, గమనించారో లేదో. పొద్దున ఆరింటికొచ్చి, బ్లీచింగ్ చల్లి, చీపురుతో గోడ కడిగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మిమ్మల్ని పాత గుడ్డతో తుడుస్తుంది. ముందు ఏ దేవుణ్ణి తుడుస్తుందో చూద్దామని ఓ రోజు కాపు కాశాను. ఏ చివర మరక ఎక్కువుంటే ఆ చివర్నుంచి మొదలుపెడుతుంది.

"నువ్వు దేవుణ్ణి నమ్ముతావామ్మా?" అన్నాను, సర్వే చేస్తున్నవాడిలా.

"ఆ మాటకేం గానీ సారూ, ఆ స్టాండులో ఒక బాత్రూం కట్టిస్తే అయిపోయేది కదా. ఆళ్లు మాత్రం ఎక్కడికెళ్తారు? ఆళ్లకి గోడన్నా ఉంది. నేను ఆరింటికొచ్చి రెండింటిదాకా ఇక్కడే. ఎక్కడికెళ్తున్నానో ఎప్పుడైనా అడిగారా?"

మా అపార్ట్‌మెంటులో 20 ఫ్లాట్లు. ఫ్లాటుకి రెండు చొప్పున 40 బాత్రూములు. భక్తులవి 38, నాస్తికుడివి 2. నలభైకీ లోపల గడియే.

ఆవిడ మాట మీటింగులో పెట్టాను. వాచ్‌మన్ గది పక్కన ఒక బాత్రూం కట్టిద్దామన్నాను. ఎంతవుతుందన్నారు. చెప్పాను. వాస్తు చూడాలి అని ఒకరు, పార్కింగ్ తగ్గుతుంది అని ఇద్దరు. మాస్టారు ఒక్కరే నా పక్కన చెయ్యెత్తారు, అంతలో ఆయనకి ఫోనొచ్చింది. మినిట్స్ బుక్కులో "పరిశీలించబడును" అని నేనే రాశాను, నా దస్తూరి బాగుంటుందని.

దాని బదులు ఇంకోటి పాసైంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం. ఆదివారం మీ నెత్తిన కెమెరా బిగిస్తున్నారు. కంగారుపడకండి, మిమ్మల్ని తియ్యడం లేదు. అసలు కెమెరా కొనే బడ్జెట్ లేక డమ్మీది తెప్పించాను, 350 రూపాయలు. వైరుండదు, రికార్డింగుండదు. పెన్సిల్ సెల్స్ రెండు వేస్తే ఎర్ర లైటు మాత్రం మినుకుమినుకుమంటుంది. ఐడియా నాదే.

నిన్న కొలతలకి వచ్చిన ఎలక్ట్రీషియన్ దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "లోపల ఏమీ లేదు కదండీ, దీన్ని చూసి భయపడతారంటారా?" అన్నాడు.

నేను మీవైపు చూసి, నిచ్చెన పట్టుకున్నాను.

ఇట్లు,
ట్రెజరరు

తా.క. ఈసారి వోచరులో ఏం రాయమంటారో చెప్పండి. మాస్టారు అడుగుతున్నారు.