నాన్న బదులు నేను టిక్కు పెట్టిన ప్రశ్న

నాన్నకు స్ట్రోక్ వచ్చిన మూడు నెలలకు చెకప్‌కి వెళ్తే చేతిలో ఒక ఫారం పెట్టారు. అంతా ఇంగ్లీషు. నేను చదివి తెలుగులో చెప్పాలి, ఆయన జవాబు చెబితే టిక్కు పెట్టాలి. నడక, మెట్లు, చొక్కా బొత్తాల దాకా బాగానే సాగింది. ఆ తరువాతి ప్రశ్న, ఇతరులకు భారమయ్యానని మీకు ఎంత తరచుగా అనిపిస్తోంది అని. నాకు నోరు రాలేదు. 'ఎప్పుడూ లేదు' దగ్గర టిక్కు పెట్టేసి ముందుకు వెళ్లిపోయాను.

"ఒకటి వదిలేశావేంటి?" అన్నారు నాన్న, కాగితం వంక చూస్తూ.

"అది మనకు సంబంధించింది కాదు నాన్నా."

ఆ రోజు నేను చేసింది తప్పు. అలాంటి ఫారాల గురించి తరువాత చదివాక ఎంత పెద్ద తప్పో తెలిసింది.

రోజువారీ పనులు మనిషి తనంతట తాను ఎంతవరకు చేసుకోగలడో కొలిచే ఫారం ఒకటుంది, 1965 నాటి బార్తెల్ ఇండెక్స్. అందులో తినడం, స్నానం, మెట్లెక్కడం లాంటి పది పనులుంటాయి. పక్కనున్నవాళ్లు చూసి మార్కులు వేయగలిగినవే అన్నీ. అందులో నూటికి నూరు వచ్చిన మనిషికి కూడా రోజంతా నీరసం ఉండొచ్చు, దిగులు ఉండొచ్చు. అది ఆ మనిషి చెబితేనే తెలుస్తుంది. అందుకే 1999లో పరిశోధకురాలు పమేలా డంకన్ బృందం, పేషెంటే జవాబులు చెప్పే స్ట్రోక్ ఇంపాక్ట్ స్కేల్ అనే ఫారం తెచ్చింది. దాని మూడో వెర్షన్‌లో 59 ప్రశ్నలున్నాయి. 'భారం' ప్రశ్న అందులోదే. పేషెంటు తన నోటితో చెప్పుకోవడానికి పెట్టిన ప్రశ్నకు నేను జవాబు రాసేశానన్నమాట.

అయితే ఫారం తెలుగులో ఉండి ఉంటే సరిపోయేదా? ఎవరు ఎలా తెలుగు చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

మొదటి మాట దగ్గరే చిక్కు వస్తుంది. స్ట్రోక్ అనగానే మనలో చాలామందికి గుండె గుర్తొస్తుంది. 'హార్ట్ స్ట్రోక్' అని ఎంతమంది అనగా వినలేదు? పోనీ పక్షవాతం అందామంటే, అది కాలూ చెయ్యీ పడిపోతేనే. చూపు సగం పోయినవాళ్లు, జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవాళ్లు "నాకు పక్షవాతం రాలేదండీ" అంటారు. వాళ్లు చెప్పేదీ నిజమే. మెదడుకు రక్తం అందకపోవడం వల్లో, అక్కడ రక్తనాళం చిట్లడం వల్లో వచ్చిన జబ్బు అని ఫారం మొదట్లో ఒక వాక్యం రాస్తే ఈ గొడవ తీరుతుంది.

'లేదు' అనే మాటతో ఇంకో ఇబ్బంది. "మాట్లాడటం కష్టంగా లేదు కదా?" అని అడిగితే మనం "అవును" అంటాం, కష్టంగా లేదనే అర్థంలో. ఇంగ్లీషు పద్ధతికి అలవాటుపడిన చెయ్యి దాన్ని కష్టంగా ఉన్నట్టు రాసుకోవచ్చు.

అదే స్కేల్‌లో, దెబ్బతిన్న చేత్తో డైమ్ తీయగలరా అని అడుగుతారు. డైమ్ అమెరికా నాణేల్లో అన్నిటికన్నా చిన్నది, పల్చనిది. బొటనవేలి కొస, చూపుడువేలి కొస కలిస్తేగానీ బల్ల మీంచి లేవదు. దాన్ని ఉత్త 'నాణెం' చేస్తే ఆ పరీక్షే పోతుంది. కత్తి, ఫోర్కుతో కోసుకుని తినగలరా అన్న ప్రశ్నా అంతే. చేత్తో తినేవాళ్లు 'కష్టం' అని టిక్కు పెడితే అది జబ్బు వల్లో, అలవాటు లేకపోవడం వల్లో ఎవరు చెప్పగలరు?

దీనికి పద్ధతి లేకపోలేదు. ఇలాంటి ఫారాలను వేరే భాషలోకి తేవడానికి పరిశోధకురాలు డోర్కస్ బీటన్, ఆమె సహచరులు 2000లో ప్రచురించిన విధానాన్ని చాలామంది పాటిస్తున్నారు. ఇద్దరు విడివిడిగా అనువదించాలి. ఒకరికి విషయం తెలిసి ఉండాలి, ఇంకొకరికి తెలియకూడదు. రెండింటినీ కలిపి ఒకటి చేశాక, అసలు ఫారం చూడని ఇద్దరు మళ్లీ ఇంగ్లీషులోకి తేవాలి. అన్నీ ఒక కమిటీ చూశాక, 30 నుంచి 40 మందికి ఇచ్చి ఏమర్థమైందో అడగాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఈ చివరిదే. డిప్రెషన్‌ని 'వ్యాకులత' అని రాశారనుకోండి. తిరిగి ఇంగ్లీషు చేసేవాళ్లు చదువుకున్నవాళ్లు కాబట్టి చక్కగా డిప్రెషన్ అనే రాస్తారు, పరీక్ష పాసవుతుంది. పేషెంటుకు మాత్రం ఆ మాట అందదు. దిగులుగా ఉంటోందా, ఏమీ చేయబుద్ధి కావట్లేదా అని అడిగితే వెంటనే చెబుతారు.

"మా నాన్నగారికి ఇంగ్లీషు బాగా వచ్చండీ, ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లున్నారు. రెండు భాషలు వచ్చినవాళ్లకు స్ట్రోక్ తరువాత రెండూ ఒకేలా తిరిగి రావాలని లేదు. ఫ్రెంచి వైద్యుడు పిట్రెస్ 1895లోనే ఈ సంగతి రాశాడు. ఉద్యోగమంతా ఇంగ్లీషులో చేసిన మనిషికీ ముందు తెలుగే తిరిగి రావచ్చు, లేదా ఇంగ్లీషే రావచ్చు. ఏది సులువుగా ఉందో ఆయన్నే అడగాలి.

మన తెలుగు సంఘంలో అనువాదం చేయగలవాళ్లకు కొదవ లేదు. కావలసింది స్ట్రోక్ వచ్చి కోలుకుంటున్నవాళ్లు, ఒక గంట కూర్చుని "ఈ ప్రశ్న నాకిలా అర్థమైంది" అని చెప్పడానికి. కోస్తా మాట, సీమ మాట, తెలంగాణ మాట అన్నీ ఉండాలి. పెద్దగా చదువుకోనివాళ్లు తప్పకుండా ఉండాలి. ఎవరైనా ఇలాంటి ఫారం తెలుగు చేస్తున్నామని మన దగ్గరికి వస్తే కమిటీ పేర్లు ఇచ్చి ఊరుకోకుండా ఇలాంటివాళ్లను వెతికి పెడదాం. ఈలోగా, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లే పిల్లలకు నా మనవి: ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగండి. ఆ కుర్చీలో మీరు కూర్చోవద్దు.

ఆర్నెల్ల చెకప్‌కి నేను అడిగాను. ఫోన్ లైన్‌లో ఎవరో ఒకావిడ తెలుగులో ప్రశ్నలు చదువుతుంటే నేను బయట కూర్చున్నాను. ఇంటికి వస్తుంటే కారులో నాన్నే కదిపారు.

"ఆ రోజు నువ్వు వదిలేసింది ఇవాళ అడిగారు. రోజూ అనిపిస్తుందని చెప్పాను."

తరువాతి వారం కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్ ఇచ్చారు.